చిల్లు కుండ, నీళ్ల చెంబు

"కులం పేరెత్తి ఎవరైనా చులకన చేసిన రోజు మేం ఎనిమిది మందిమి ఒకే గదిలో చేరతాం. మీలో మీరే గుంపు కట్టి అదే తలచుకుంటున్నారు, అందుకే మీకు దిగులు అన్నారు మా లెక్చరర్. నిజమేనా?" ఒక డిగ్రీ విద్యార్థిని ప్రశ్న ఇది. చదివాక ఈ నెల ఇంకో విషయం రాయబుద్ధి కాలేదు.

వివక్ష ఎక్కువగా ఎదురైనవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువని ఎన్నో దేశాల పరిశోధనలు చెప్పాయి. అసలు విశేషం ఆ తర్వాతే ఉంది.

1951లో అమెరికాలో కార్డినర్, ఓవెసీ అనే ఇద్దరు మానసిక వైద్యులు పాతిక మంది నల్లజాతీయులను పరిశీలించి, అణచివేత వారి ఆత్మగౌరవాన్ని చిదిమేసిందని తేల్చారు. పొరబడ్డారు. తర్వాతి పెద్ద సర్వేలలో నల్లజాతీయుల ఆత్మగౌరవం తెల్లవారికి ఏమాత్రం తీసిపోలేదు. ఎందుకని? 'తప్పు నాది కాదు, వాళ్ల పక్షపాతానిది' అనుకోవడం ఒక కవచమని 1989లో క్రాకర్, మేజర్ అనే పరిశోధకులు వివరించారు. ఒక్కసారి జరిగిన అవమానానికి అది సరిపోవచ్చు. రోజూ జరుగుతుంటే? 'ఏ తలుపూ నాకు తెరుచుకోదు' అన్న ఎరుకే మనసును కుంగదీస్తుంది.

1999లో నైలా బ్రాన్స్‌కోంబ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ ముడి విప్పారు. వివక్ష మనసును రెండు దారుల్లో తాకుతుంది. ఒక దారిలో నేరుగా కుంగదీస్తుంది. రెండో దారిలో మనిషిని తనవాళ్ల దగ్గరికి నెడుతుంది, ఆ దగ్గరితనం మనసును లేపి నిలబెడుతుంది. కుండకు చిల్లుపడి నీళ్లు కారుతున్నాయి, పైనుంచి ఎవరో చెంబుతో పోస్తున్నారు. నీటిమట్టం ఒక్కటే చూస్తే చిల్లు ఉన్నట్టే తెలియదు! దగ్గరితనం ఇచ్చే ఈ బలం అన్ని సమూహాల్లోనూ ఒకేలా ఉండదు, కానీ రెండు దారులనూ విడదీసి చూడటమే ఇక్కడి గొప్పతనం.

ఇప్పుడు లెక్చరర్ గారి మాట చూడండి. కారుతున్న కుండ పక్కన చెంబుతో నిలబడ్డ మనిషిని చూసి, చిల్లు పెట్టింది ఈ మనిషే అన్నట్టుంది.

ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో ఉపన్యాసం పెట్టించి, ఆ పిల్లల కూటమిని మాత్రం అనుమానంగా చూసే కాలేజీలు చేసేది చెంబు లాక్కోవడమే.

అమ్మా, ఆ గదిని వదులుకోవద్దు. అయితే చెంబు ఎంత పోసినా చిల్లు పూడదు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆసక్తి తిరిగి రాకపోతే డాక్టరును కలవండి. మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేసినా ఉచితంగా సాయం దొరుకుతుంది. చిల్లు పూడ్చాల్సిన బాధ్యత మాత్రం మీది కాదు, మీ కాలేజీది.