ఇంటిపేరు... పింగళి!

ఊళ్లో జెండా ఎగిరితే ఒకరు గుర్తొస్తారు. టీవీలో ‘మాయాబజార్’ వస్తే ఇంకొకరు గుర్తొస్తారు. తెలుగు ఎమ్మే చదివే కుర్రాడు సాహిత్య చరిత్ర తిరగేస్తే ఆ ఇంటిపేరు ఒక్కసారి కాదు... రెండుసార్లు పలకరిస్తుంది. కవి, జెండా రూపకర్త, అధ్యాపకుడు, సినీ రచయిత, పాత్రికేయుడు, శాస్త్రవేత్త... ఇన్ని రంగాల్లో వెలిగిన ఆ ఇంటిపేరే పింగళి.

‘ఇంటిపేరు కస్తూరివారు... ఇల్లంతా గబ్బిలాల కంపు’ అని తెలుగులో ఓ సామెత. పేరు గొప్పదైనంత మాత్రాన సరిపోదు, పరిమళం ఎవరికివారు సంపాదించుకోవాల్సిందే అని దానర్థం. పైగా ఇంటిపేరు ఒకటే అయితే అందరూ చుట్టాలే కానక్కర్లేదు. పింగళివారి సంగతీ అంతే. వీళ్లలో ఒకరి కీర్తి ఇంకొకరికి అరువు రాలేదు. ఎవరి దారి వారిది, ఎవరి కష్టం వారిది.

ఒక పద్యం... రెండు కథలు

అందరికన్నా పాతవాడు పింగళి సూరన. పదహారో శతాబ్దపు కవి. నంద్యాల ప్రభువుల ఆదరణ పొందినవాడు. తెలుగు పద్యంతో ఎన్ని విన్యాసాలు చేయొచ్చో చేసి చూపించాడు. ఆయన రాసిన ‘రాఘవపాండవీయం’ ద్వ్యర్థి కావ్యం. అంటే ఒకే పద్యాన్ని ఒకలా విడదీసి చదివితే రాముడి కథ, మరోలా విడదీస్తే పాండవుల కథ! కావ్యం మొదటి నుంచి చివరిదాకా అదే నడక. 

అంతకన్నా విచిత్రమైంది ‘కళాపూర్ణోదయం’. పురాణాల్లోంచో, భారత రామాయణాల్లోంచో కథ తీసుకోవడం ఆనాటి కవుల ఆనవాయితీ. సూరన మాత్రం తనే ఓ కథ అల్లాడు. అందులో పాత్రలకు పూర్వజన్మలుంటాయి, ముందు జరిగింది వెనకా వెనక జరిగింది ముందూ వస్తుంటాయి. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకంలో నిజమైపోతుంది. ముడి ఎక్కడ వేశాడో ఎక్కడ విప్పాడో తెలియాలంటే చివరిదాకా చదవాల్సిందే. ఇప్పటి సినిమా భాషలో చెప్పాలంటే ఫ్లాష్‌బ్యాక్‌లో ఫ్లాష్‌బ్యాక్! కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారం’ రాస్తే అందులో పెద్దపీట వేసింది ఈ కావ్యానికే. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లారు. ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’ అనే మరో కావ్యాన్ని సూరన రాజుకో మంత్రికో కాకుండా కన్నతండ్రి అమరనార్యుడికి అంకితమిచ్చాడు.

బందరు నుంచి జెండా దాకా

ఆ తర్వాత ఈ ఇంటిపేరు గట్టిగా వినిపించింది బందరులో. 1910లో అక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైంది. తెల్లవాళ్ల చదువుకు బదులు మన చదువు మనం చెప్పుకుందామని కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య స్థాపించిన విద్యాలయమది. అక్కడ పాఠాలు చెప్పిన పంతుళ్లలో ఒకరు పింగళి వెంకయ్య.

1876 ఆగస్టు 2న కృష్ణాజిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్యకు ఇంటిపేరుతో పెద్దగా పనిపడలేదు. ఆయన ఏ పనిచేస్తే జనం ఆ పేరే తగిలించేవారు. కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశారు కాబట్టి పత్తి వెంకయ్య. జపాన్ భాష నేర్చుకుని అనర్గళంగా మాట్లాడారు కాబట్టి జపాన్ వెంకయ్య. వజ్రాల మీద పరిశోధించి ‘వజ్రపు తల్లిరాయి’ అని పుస్తకం రాశారు కాబట్టి డైమండ్ వెంకయ్య. చివరికి నిలిచింది మాత్రం జెండా వెంకయ్య.

బోయర్ యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడే ఆయనకు గాంధీజీతో పరిచయం. దేశానికంటూ ఒక జెండా ఉండాలన్నది ఆయన పట్టు. 1916లోనే ముప్పై నమూనాలతో ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం అచ్చువేశారు. కాంగ్రెస్ సభ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి పెద్దలందరికీ చూపించేవారు.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. జెండా మీద రాట్నం ఉండాలని జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ అప్పటికే సూచించి ఉన్నారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో జెండా తయారుచేయమని గాంధీజీ వెంకయ్యను అడిగారు. మూడంటే మూడు గంటల్లో జెండా సిద్ధం! అయినా సమావేశం ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. అదీ మంచికే అయిందన్నారు గాంధీజీ. ఎందుకంటే తీరిగ్గా ఆలోచించాక మిగతా మతాలవారికీ చోటుండాలని తెలుపు రంగు కూడా చేర్చమన్నారు. ఆ ఏప్రిల్‌లో ‘యంగ్ ఇండియా’లో ఆయన ఈ కథంతా రాశారు. అందులో ఉన్న పేరు... మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన పి.వెంకయ్య. పింగళి అన్న ఇంటిపేరు అక్కడ ఒక్క పొడి అక్షరమే!

1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల పతాకాన్ని అధికారికంగా స్వీకరించింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకుడి ధర్మచక్రాన్ని ఉంచి జాతీయ పతాకంగా ఆమోదించింది. ఆ జెండా ఎర్రకోట మీద ఎగిరింది. దాని కోసం ఏళ్ల తరబడి తిరిగిన మనిషి మాత్రం చివరి రోజులు పేదరికంలోనే గడిపారు. 1963 జులై 4న కన్నుమూశారు. తన దేహం మీద మూడు రంగుల జెండా కప్పాలనీ, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలనీ కోరుకున్నారని చెబుతారు. దేశం ఆయన్ని గుర్తుపట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. తపాలా బిళ్ల వచ్చింది 2009లో. 2022లో, ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ వేళ, జయంతి రోజున మరో బిళ్ల విడుదలైంది. పొడి అక్షరంగా మిగిలిన ఇంటిపేరు పూర్తిగా దేశం నోట పలకడానికి అన్నేళ్లు కావాల్సి వచ్చింది.

జంటలో సగం

అదే కృష్ణాజిల్లా. ఆర్తమూరులో 1894లో పుట్టారు పింగళి లక్ష్మీకాంతం. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యుల్లో ఒకరు. గురువుగారు తిరుపతి వేంకట కవుల్లో ఒకరై జంట కవిత్వానికి జెండా ఎత్తితే, శిష్యుడు కాటూరి వేంకటేశ్వరరావుతో జతకట్టారు. తిరుపతి వేంకట కవుల జంటకు సొంత పేర్లే గుర్తు. వీరికి మాత్రం ఇంటిపేర్లే చెల్లాయి... పింగళి-కాటూరి కవులు! ‘తొలకరి’, ‘సౌందరనందం’ ఈ జంట కలిసి పండించిన పంటలే. బుద్ధుడి తమ్ముడు నందుడు, అతని భార్య సుందరి... వీరి ప్రేమ, వియోగం, చివరికి వారు చేరిన శాంతి ‘సౌందరనందం’ కథ.

కవిగా సగం కీర్తి కాటూరితో పంచుకున్నా, అధ్యాపకుడిగా లక్ష్మీకాంతంగారిది పూర్తి కీర్తి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు పునాదులు వేసిన గురువుల్లో ఆయనొకరు. తర్వాత విజయవాడ ఆకాశవాణిలోనూ, తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ పనిచేశారు. ఆయన ‘ఆంధ్ర సాహిత్య చరిత్ర’, ‘సాహిత్య శిల్ప సమీక్ష’ నేటికీ విద్యార్థుల బల్లల మీద ఉన్నాయి. 1972లో కన్నుమూశారు.

మాటలు పుట్టించిన మనిషి

ఈ ఇంటిపేరును ఇంటింటికీ చేర్చింది మాత్రం సినిమా. తెలుగు సినిమా ప్రేక్షకుడు ‘పింగళి’ అంటే చాలు, సొంతపేరు అక్కర్లేదు... అది పింగళి నాగేంద్రరావే. 

1901లో రాజాంలో పుట్టిన ఆయన చదువుకూ బందరే ఠికానా. ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం చేశారు. బెంగాలీ నేర్చుకుని ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలు తెలుగులోకి తెచ్చారు. ‘జేబున్నీసా’, ‘వింధ్యరాణి’, ‘నా రాజు’ లాంటి నాటకాలు రాశారు. సినిమాల్లో నిలదొక్కుకునేటప్పటికి వయసు యాభైకి దగ్గరపడింది. 1949లో ‘గుణసుందరి కథ’, 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’, 1961లో ‘జగదేకవీరుని కథ’... దర్శకుడు కె.వి.రెడ్డితో ఆయన జోడీ తిరుగులేనిదైంది. ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’లకు మాటలు వేరేవాళ్లవైనా పాటలు పింగళివే.

తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇప్పటికీ వాడే కొన్ని మాటలు ఆయన సినిమాలవని చాలామందికి తెలియదు. పిల్లాడు పరీక్ష పాసైతే ‘వీరతాడు’ వేయమంటాం. మనవాళ్లు ‘అస్మదీయులు’, అవతలివాళ్లు ‘తస్మదీయులు’. తస్మదీయులన్నది ఏ పాత నిఘంటువులోనూ వెతకాల్సిన మాట కాదు, అస్మదీయులకు జోడీగా ఆయన సరదాగా కట్టింది. మాటలు వాటంతటవే పుట్టవు, ఎవరో ఒకరు పుట్టించాల్సిందేనన్న వాదన ఘటోత్కచుడి నోట పలికించింది ఆయనే. ఆ పని సొంతంగా చేసి చూపించిందీ ఆయనే. 

ఆయన పెళ్లి చేసుకోలేదు. ‘పెళ్లిచేసి చూడు’కు రాసినా, శశిరేఖా పరిణయం రాసినా, తన ఇంటిపేరు ఇవ్వడానికి సొంత సంసారమంటూ లేదు. 1971లో కన్నుమూశారు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ పోల్‌లో ‘మాయాబజార్’ అత్యుత్తమ భారతీయ చిత్రంగా నిలిచింది. వారసులు లేకపోతేనేం... ఆ మాటలు పలికేవాళ్లంతా వారసులే.

కలం నుంచి కంప్యూటర్ దాకా

ఆ తర్వాతి తరాల్లోనూ ఈ ఇంటిపేరు ఖాళీగా కూర్చోలేదు. పింగళి దశరథరామ్ ‘ఎన్‌కౌంటర్’ పత్రిక నడిపారు. అధికారంలో ఉన్నవారిని ఘాటుగా నిలదీసిన ఆ యువ సంపాదకుడు 1985లో విజయవాడలో హత్యకు గురయ్యారు. ఆయన కూతురు పింగళి చైతన్య కథలు రాశారు. చిట్టగాంగ్ తిరుగుబాటులో పాల్గొన్న మహిళల మీద రాసిన ‘చిట్టగాంగ్ విప్లవ వనితలు’ పుస్తకానికి 2016లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నారు. 

విదేశాలకు వెళ్తే మన ఇంటిపేరు వరస మారుతుంది. ముందున్నది వెనక్కి వెళ్తుంది. కానీ అక్కడ పిలిచేది దాన్నే. అలా ‘ప్రొఫెసర్ పింగళి’ అనిపించుకున్నవారిలో ప్రభు పింగళి ఒకరు. వ్యవసాయ ఆర్థికవేత్తగా ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాకా పనిచేశారు. 2007లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో టాటా-కార్నెల్ సంస్థకు తొలి డైరెక్టర్ అయ్యారు. పత్తి వెంకయ్య పొలంలో వెతికిన ప్రశ్నలకు ఈయన ప్రపంచ పటం మీద జవాబులు వెతికారన్నమాట. ఇక ఐఐటీ కాన్పూర్‌లో చదివిన కేశవ్ పింగళి ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడిగా పేరు తెచ్చుకున్నారు. ఒక పెద్ద పనిని ముక్కలు చేసి ఎన్నో ప్రాసెసర్ల చేత ఒకేసారి చేయించే విద్యలో దిట్ట. ఆ కృషికి 2023 కెన్ కెనెడీ అవార్డు లభించింది. ఒకే పద్యంలో రెండు కథలు నడిపిన సూరన విన్నా మెచ్చుకునే విద్యే!

ఇప్పటి పిల్లల పేర్లలో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతోంది. అప్లికేషన్‌లో ‘సర్‌నేమ్’ గడి నింపేటప్పుడు తప్ప అది గుర్తుకు రాదు. ఆ అక్షరం వెనక ఏ ఊరు ఉందో, ఏ తాతముత్తాతలు ఉన్నారో, ఎవరు ఏం సాధించారో అడిగేవాళ్లు తగ్గారు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక్కసారి అడిగి చూడండి. అందరిళ్లలో జెండా రూపకర్తలూ మహాకవులూ ఉండకపోవచ్చు. కానీ చెప్పుకోదగ్గ మనిషి ఒక్కరైనా లేని ఇంటిపేరు ఉండదు.