బట్టలుతికే పొడి మనమే చేసుకుందాం

బట్టలకు మురికి రెండు రకాలుగా పడుతుంది. ఒకటి దుమ్ము, మట్టి. నీళ్లలో జాడిస్తే ఇది చాలావరకు పోతుంది. రెండోది జిడ్డు. చెమట, తలనూనె, కూర మరకలు. జిడ్డుకూ నీళ్లకూ పడదు. ఎన్ని నీళ్లు పోసినా అది గుడ్డను వదలదు. పైగా దుమ్మును కూడా తనకు అంటించుకుంటుంది. చొక్కా కాలరు చూడండి, తెలుస్తుంది.

సబ్బు ఈ రెండింటికీ స్నేహం కుదురుస్తుంది. సబ్బు రేణువుకు ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది. రెండో కొస నీళ్లను పట్టుకుంటుంది. అప్పుడు జిడ్డు గుడ్డను వదిలి నీళ్ల వెంట పోతుంది.

ఈ పని చేసే గుణం కుంకుడు కాయలోనూ ఉంది. మన అమ్మమ్మలు కుంకుడు రసంతో తలలే కాదు, పట్టుచీరలూ నగలూ కూడా శుభ్రం చేసుకునేవాళ్లు. మన్యంలో గిరిజనులు ఈ కాయలు ఏరి అమ్ముతారు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి వాళ్ల దగ్గర అటవీ సరుకు కొంటోంది.

రసం తీయడం తేలిక. ఇరవై కుంకుడు కాయలు తీసుకోండి. కొట్టి గింజలు తీసేయండి. నురగంతా పైతొక్కలోనే ఉంటుంది, గింజలో ఉండదు. తొక్కల్ని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే పది నిమిషాలు ఉడికించండి. చల్లారాక బాగా పిసికి, పలుచటి గుడ్డలో వడపోయండి. ఒక గ్లాసు రసం ఒక బకెట్ నీళ్లకు సరిపోతుంది. బట్టల్ని అరగంట నానబెట్టి ఉతకండి. రసం రెండు మూడు రోజులకే పులిసి వాసన వస్తుంది. కాబట్టి ఎక్కువ చేసి దాచుకోవద్దు. కంట్లో పడితే భగభగ మండుతుంది, పిల్లల దగ్గర జాగ్రత్త. ఇంకో మాట. మిగిలిన రసాన్ని చేపలున్న చెరువులోనో కుంటలోనో పారబోయకండి. కుంకుడు రసం చేపలకు విషం.

పట్టుకూ, ఉన్నికీ, రోజూ కట్టే చీరలకూ ఈ రసం మంచిది. కానీ నిజం చెప్పుకోవాలి. పొలం పనికి వేసుకునే బట్టలకూ, ఆయిలు మరకలకూ ఇది చాలదు. వాటికి సోడా కావాలి.

సోడాలు మూడు రకాలు. వంట సోడా బజ్జీల్లో వేస్తాం. బట్టల సోడాను కొందరు చాకలి సోడా అంటారు. మూడోది కాస్టిక్ సోడా. మూడూ తెల్లగానే ఉంటాయి. అందుకే పొట్లం మీద పేరు చదివి తీసుకోండి. చదువు వచ్చినందుకు ఇక్కడ ప్రాణానికే ఉపయోగం.

మనకు కావలసింది బట్టల సోడా. మామూలు బట్టల సబ్బును కొబ్బరిలా తురమండి. ఆ తురుము రెండు పాళ్లు, బట్టల సోడా ఒక పాలు కలపండి. తడి తగలకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బకెట్‌కు రెండు పెద్ద చెంచాల పొడి చాలు. ముందు కాసిని వేడినీళ్లలో కరిగించి, తర్వాత బకెట్‌లో పోయండి. పట్టుకూ ఉన్నికీ ఈ పొడి వాడొద్దు, దారం పాడవుతుంది. చేతులకు పుండ్లు ఉన్నవాళ్లు కూడా తాకొద్దు. ఈ సోడా గుణం మన రజకులకు ఎప్పటినుంచో తెలుసు. చౌడు మన్నులో ఉండేదీ ఈ రకం క్షారమే. ఆ మన్ను నీళ్లలో బట్టలు తడిపి, ఉబ్బ పెట్టి ఆవిరిలో ఉడికించేవాళ్లు.

"మా బోరు నీళ్లలో ఎంత సబ్బు రుద్దినా నురగ రాదు, ఏం చేయమంటారు?" అని మీరు అడగవచ్చు. ఒక పని చేసి చూడండి. రెండు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో వాన నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు పోయండి. రెండింట్లో సమానంగా సబ్బు తురుము వేసి ఊపండి. వాన నీళ్లు పొంగుతాయి. బోరు నీళ్లలో తెల్లటి తెట్టు కడుతుంది. ఆ నీళ్లలో సున్నం లాంటి లవణాలు ఎక్కువ. సబ్బు ముందు వాటితో కలిసి తెట్టుగా మారిపోతుంది. మురికి దాకా పోదు. అంటే మీ డబ్బు సగం తెట్టు కిందే పోతోంది. అలాంటి ఊళ్లో మొదట బకెట్‌లో ఒక చెంచా బట్టల సోడా వేసి కలిపి, పావుగంట ఆగండి. సోడా ఆ లవణాల్ని పట్టేస్తుంది. తర్వాత మన పొడి వేయండి, తేడా మీకే తెలుస్తుంది.

కాస్టిక్ సోడా సంగతి వేరు. సబ్బు బిళ్లలు చేసేది దీంతోనే. శిక్షణ లేకుండా ఇంట్లో దీని జోలికి పోవద్దు. చూడటానికి కల్లుప్పులా ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది. సంఘంలో నేర్చుకుని చేసేవాళ్లయినా సోడానే నీళ్లలో వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడకూడదు. ఒంటి మీద పడితే ఆగకుండా నీళ్లు పోస్తూ కడగాలి. పిల్లలు మింగితే వాంతి చేయించకండి. నోరు కడిగి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక ఉతికిన తువ్వాలు అప్పడంలా బిగుసుకుపోవడం సంగతి. సబ్బు, సోడా, తెట్టు దారాల మధ్య మిగిలిపోవడమే దానికి ఒక కారణం. దానికి పులుపు విరుగుడు. బట్టల్ని రెండుసార్లు మంచినీళ్లలో జాడించండి. చివరిసారి బకెట్ నీళ్లలో రెండు నిమ్మకాయల రసం వడకట్టి పోయండి. నిమ్మకాయ లేకపోతే అరకప్పు వెనిగర్ చాలు. ఐదు నిమిషాలు ఉంచి పిండండి. గట్టిగా దులిపి ఆరేయండి. దులపడం వల్లే సగం మెత్తదనం వస్తుంది. రంగు బట్టలైతే నీడన ఆరేయండి. గంజి పెట్టే నూలు చీరలకు ఈ పులుపు అక్కర్లేదు, వాటికి బిర్రుగా ఉంటేనే అందం.

పులుపును సబ్బు నీళ్లలోనే పోస్తే సబ్బు విరిగిపోతుంది, రెండూ దండగ. బ్లీచింగ్ పౌడరు వేసిన నీళ్లలో మాత్రం నిమ్మరసం, వెనిగర్ ఎన్నడూ పోయకండి. ఘాటైన విషవాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. పొరపాటున కలిసిందా, బకెట్ అక్కడే వదిలి పిల్లల్ని తీసుకుని బయటి గాలికి వచ్చేయండి.