మీకు తెలుసా? జేజి చంకలో ఆగే ఏడుపు

కొండాపురం పక్క పల్లెల్లో అమ్మ పొద్దున్నే పత్తి తీయడానికి పోతే, చంటిబిడ్డ సాయంత్రం దాకా జేజి చంకలోనే. ‘బిడ్డ అమ్మను మరిచిపోతుందేమో’ అని కొందరు బెంగపడతారు. ఆ బెంగ అక్కర్లేదు.

ఆరేడు నెలల దాకా ఎవరెత్తుకున్నా నవ్వే పసిబిడ్డ, ఆ తర్వాత కొత్త ముఖం చూస్తే బిక్కమొహం వేస్తుంది. మొండితనమని కసురుకోకండి, తనవాళ్లెవరో తనకు తెలిసిందని గుర్తు అది.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలపై పరిశోధకులు షాఫర్, ఎమర్సన్ చేసిన అధ్యయనం 1964లో వెలువడింది. పాలు పట్టి, నీళ్లు పోసినవాళ్లకే బిడ్డ మాలిమి కావాలని లేదట. ఏడిస్తే వెంటనే పలికి, ఆడించేవాళ్లకు ఎక్కువ దగ్గరవుతుంది. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలకు ఇద్దరో, అంతకంటే ఎక్కువమందో ‘నావాళ్లు’ ఉన్నారు: అమ్మ, నాన్న, అవ్వ, తాత.

అంతకుముందే, 1954లో మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ ఉగాండా పల్లెల్లో 26 కుటుంబాల పిల్లల్ని గమనించడం మొదలుపెట్టారు. తల్లి కంటికి కనబడుతుంటే బిడ్డ ధైర్యంగా దూరం పాకుతుంది, బెదిరితే తిరిగొచ్చి ఒళ్లో దూరుతుంది. మన వసారాల్లో రోజూ కనబడేదీ ఇదే.