కోచ్‌ను మార్చాలా? హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల వాదవివాదాలు: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
జట్టు వరుసగా ఓడినప్పుడు ప్రధాన శిక్షకుణ్ణి తొలగించాలన్న కోరిక అభిమానుల్లో సహజంగా పుడుతుంది. ఆ కోరిక వెనుక ఉండే తర్కాన్ని, దాని బలాబలాలను హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ అనుభవం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2019 నుండి 2025 వరకు ఆ క్లబ్ పొందిన ఫలితాలు, శిక్షకుల మార్పుపై వెలువడిన కొన్ని విదేశీ పరిశోధనలు, సయ్యద్ అబ్దుల్ రహీం కాలపు స్మృతి ఇందులో పరిశీలనకు వచ్చాయి.

కీలకపదాలు: ఫుట్‌బాల్, ప్రధాన శిక్షకుడు, అభిమానులు, హైదరాబాద్, ఐ.ఎస్.ఎల్., రహీం.

ఉపోద్ఘాతం:

శిక్షకుణ్ణి మార్చాలా వద్దా అని ప్రేక్షకులు వాదించుకోవడానికి ముందుగా ఒక షరతు నెరవేరాలి. తమ మాట ఎక్కడో ఒకచోట చెల్లుతుందన్న ఆశ వారికి ఉండాలి. దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జట్టుకు శిక్షకుడంటే వ్యాయామోపాధ్యాయుడే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అన్నీ ఆ ఒక్కరే నేర్పుతారు. ఆయన రాకపోకలను బదిలీల కౌన్సెలింగ్ నిర్ణయిస్తుంది గాని, మండల స్థాయి పోటీల్లో గెలుపోటములు నిర్ణయించవు. అందువల్ల ఊళ్ళో డ్రిల్లు మాస్టారి మీద ప్రేమ ఉండవచ్చు, కోపం ఉండవచ్చు. ఆయనను మార్చాలన్న ఉద్యమం మాత్రం పుట్టదు.

ఈ చర్చ పుట్టిల్లు అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్. అక్కడ పూర్వవిద్యార్థులే దాతలు, దాతలే అభిమానులు. వారి అసంతృప్తి నేరుగా డబ్బు రూపంలో వ్యక్తమవుతుంది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2023 నవంబరులో తన శిక్షకుడు జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు, ఒప్పందంలో మిగిలిన కాలానికి ఆయనకు చెల్లించవలసి వచ్చిన మొత్తం 7.5 కోట్ల డాలర్లకు పైమాటే. శిక్షకుణ్ణి సాగనంపడానికి అంత సొమ్ము ధారపోయగల వ్యవస్థ ప్రపంచంలో మరెక్కడా కనిపించదు. తెలుగు నేలపై దీనికి దగ్గరగా వచ్చే ఉదాహరణ హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్‌ది. డబ్బు లెక్క అక్కడికంటే చాలా చిన్నది. వాదనల స్వరూపం మాత్రం అదే.

రహీం నీడ:

హైదరాబాదులో ఫుట్‌బాల్ శిక్షకుడి గురించిన ఏ చర్చ అయినా చివరికి ఒక పేరు దగ్గరకు వస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు శిక్షకుడిగా ఆయన 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలిపాడు.

ఈ విజయాల జాబితా అందరూ ఎరిగినదే. శిక్షకుడి మార్పు చర్చకు అంతకంటే పనికివచ్చేది ఆయన ఓటముల చరిత్ర. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రహీం జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మన ఆటగాళ్ళలో ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ ఓటమి తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నేటి ప్రమాణాల ప్రకారం పది గోల్స్ తిన్న జట్టు శిక్షకుడు విమానం దిగేలోగా మాజీ అయిపోతాడు. అయినా నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్‌కు జట్టును తీసుకువెళ్ళింది రహీమే. జకార్తాలోనూ మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో భారత్ 0-2తో ఓడింది. పట్టుమని పక్షం రోజులు తిరగకముందే అదే కొరియాను ఫైనల్లో 2-1తో ఓడించింది. గాయపడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందువరుసకు పంపడం రహీం చేసిన సాహసం. ఆ జర్నైల్ ఫైనల్లో గోల్ కూడా చేశాడు. మొదటి ఆట ముగిసిన సాయంత్రం శిక్షకుడి భవితవ్యంపై అభిప్రాయ సేకరణ జరిగి ఉంటే ఫలితం ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు.

అయితే రహీం స్మృతి రెండువైపులా పదునున్న కత్తి. ఓపిక పట్టమనేవారికి అది ఎంత ఆధారమో, ప్రస్తుత శిక్షకుడు ఆ స్థాయికి తగడనేవారికీ అంతే ఆధారం. గతవైభవం ఉన్న నగరంలో కొత్త శిక్షకుడు ప్రత్యర్థి జట్టుతోబాటు జ్ఞాపకంతోనూ పోటీ పడవలసి వస్తుంది.

2019-20: పన్నెండు ఆటలు, ఐదు పాయింట్లు:

ఎఫ్.సి. పూణే సిటీ మూతపడగా ఆ స్థానంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ 2019 ఆగస్టులో ఏర్పడింది. అక్టోబరులో సీజన్ మొదలు. అంటే కొత్త ఊరు, కొత్త అభిమానులు, కొత్త యాజమాన్యం. సన్నాహానికి రెండు నెలల సమయం. ఇంగ్లండుకు చెందిన ఫిల్ బ్రౌన్ ప్రధాన శిక్షకుడు. 2008లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన పేరు ఆయనకు ఉంది. అంతకుముందు సీజన్ రెండో భాగంలో పూణే జట్టును నడిపింది కూడా ఆయనే.

అక్టోబరు 25న కోల్‌కతాలో తొలి ఆట. ఏ.టి.కె. చేతిలో 5-0 పరాజయం. నవంబరు 2న గచ్చిబౌలి స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1 విజయం అభిమానులకు ప్రాణం పోసింది. ఆ తర్వాత బ్రౌన్ హయాంలో మరో విజయం రాలేదు. జనవరి 10న చెన్నయిన్ చేతిలో సొంతగడ్డపై 3-1తో ఓడాక, మరునాడే క్లబ్ ఆయనకు వీడ్కోలు పలికింది. అప్పటికి పన్నెండు ఆటల్లో ఒక గెలుపు, రెండు డ్రాలు, తొమ్మిది ఓటములు: మొత్తం 5 పాయింట్లు.

ఇటువంటి సందర్భంలో ప్రేక్షకుల వాదనలు ఏయే దారుల్లో నడుస్తాయో గమనించాలి. మార్పు కోరేవారి మొదటి ఆధారం స్కోరుపట్టిక. రెండోది, ఆటలో దిశ లేదన్న అనుభూతి. ఇది అంకెల్లో పట్టుబడదు, కానీ ప్రతివారం స్టేడియానికి వెళ్ళేవారి కంటికి దీని విలువ ఉంటుంది. ఉంచమనేవారి ఆధారం కాలం. రెండు నెలల్లో అల్లిన జట్టును పన్నెండు ఆటల్లో తూచడం న్యాయమా అని వారి ప్రశ్న. గాయాలు, పూణే నుండి సంక్రమించిన ఆటగాళ్ళ కూర్పు వంటివి శిక్షకుడి ఖాతాలో వేయరాదన్నది దానికి అనుబంధం. మార్పు కోరేవారు దీన్ని ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్నట్లుగా కొట్టివేస్తారు. ఆ సామెతను ఎదుటిపక్షమూ వాడుకోవచ్చు: ఆడలేకపోయినది ఆటగాళ్ళయితే మద్దెల ఎవరు?

ఒక విషయం ఈ రెండు పక్షాలకూ తరచు తట్టదు. అప్పటి ఐ.ఎస్.ఎల్.లో అట్టడుగున నిలిచిన జట్టు కింది శ్రేణికి దిగజారే నియమం లేదు. ఐరోపాలో సీజన్ మధ్యలో శిక్షకుణ్ణి మార్చడానికి ప్రధాన కారణం ఆ దిగజారుడు భయమే. అది లేనిచోట సీజన్ చివరిదాకా ఆగితే పోయేది గౌరవమే. ఆ గౌరవం తక్కువది కాదని అనేవారు ఉన్నారు. వారి మాట తోసివేయదగినదీ కాదు. సగం ఖాళీ అయిన గ్యాలరీ కొత్త క్లబ్‌కు ప్రమాదకరమే.

మార్పు తర్వాత ఏం జరిగింది?

మిగిలిన ఆరు ఆటల్లో హైదరాబాద్ మరో 5 పాయింట్లు సంపాదించింది. బ్రౌన్ కాలంలో ఆటకు సగటున 0.42 పాయింట్లు, ఆయన తర్వాత 0.83. పైకి చూస్తే ఫలితం రెట్టింపయింది. మార్పు కోరినవారు తమ మాటే నెగ్గిందని భావించడానికి ఇది చాలు.

కాని ఆ అయిదింటిలో మూడు పాయింట్లు ఒక్క ఆటవి. సీజన్ చివరి పోటీలో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌పై 5-1 విజయం అది. ఆ నార్త్‌ఈస్ట్ పట్టికలో తొమ్మిదో స్థానంలో, అంటే హైదరాబాద్‌కు సరిగ్గా పైమెట్టున ఉన్న జట్టు. ఆ ఒక్క ఆటను పక్కన పెడితే మిగిలిన అయిదు ఆటల్లో రెండు పాయింట్లు: సగటు 0.40. బ్రౌన్ నాటి సగటుకు ఇది ఇంచుమించు సమానం. ఆరు ఆటల నమూనాతో ఏ పక్షమూ గెలవలేదు.

ఈ జాగ్రత్త అంకెల చాదస్తం కాదు. నెదర్లాండ్స్ ఆర్థికశాస్త్రజ్ఞుడు బాస్ తెర్ వేల్ 1986-2004 మధ్య డచ్ లీగ్ ఫలితాలను పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించాడు. వరుస ఓటముల తర్వాత శిక్షకుణ్ణి మార్చిన క్లబ్బులు కోలుకున్నాయి, నిజమే. అంతే దారుణంగా ఓడి శిక్షకుణ్ణి మార్చని క్లబ్బులూ అదే తీరులో కోలుకున్నాయి. ఏ జట్టయినా తన సహజస్థాయికంటే బాగా కిందికి జారినప్పుడు తిరిగి పైకి రావడమే సాధారణం. శిక్షకుణ్ణి తొలగించేది సరిగ్గా ఆ అడుగు దగ్గర కాబట్టి, తర్వాతి ఎదుగుదల అంతా కొత్తవాడి ఖాతాలో పడుతుంది. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌పై ఆడ్లర్, బెర్రీ, డోహెర్టీ 2013లో ప్రచురించిన పరిశోధన మరో మెట్టు ముందుకు వెళ్ళింది. బొత్తిగా బలహీనమైన జట్లకు మార్పువల్ల పెద్దగా ఒరిగింది లేదు. మధ్యరకం జట్లు శిక్షకుణ్ణి మార్చుకుని, మార్చుకోని తమవంటి జట్లకంటే వెనుకబడ్డాయి. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్న నానుడికి దీనికంటే పెద్ద నిరూపణ అక్కరలేదు.

మరి తొలగింపులు ఎందుకు ఆగవు? 1964లో గామ్సన్, స్కాచ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు బేస్‌బాల్‌ను ఉదాహరణగా తీసుకుని, ఇదొక బలితంతు అన్నారు. ఇరవైమంది ఆటగాళ్ళను ఒక్కసారిగా మార్చలేరు, యజమాని తనను తాను మార్చుకోడు, మిగిలేది శిక్షకుడు. తొలగింపు ఆటను బాగు చేయకపోయినా సమూహం కోపాన్ని చల్లారుస్తుంది. ఈ వివరణ చాలావరకు ఒప్పుకోదగినదే. అయితే శిక్షకుడి ప్రభావం ఏమీ లేదన్నంత దూరం వెళ్ళడం సరికాదని హైదరాబాద్ తర్వాతి చరిత్రే చెబుతుంది.

మూడో ఎంపిక:

బ్రౌన్ స్థానంలో తర్వాతి సీజన్లకు క్లబ్ ఎంచుకున్నది ఆల్బర్ట్ రోకాను. బెంగళూరును 2016 ఏ.ఎఫ్.సి. కప్ ఫైనల్‌కు చేర్చిన స్పెయిన్ శిక్షకుడు ఆయన. హైదరాబాద్ జట్టును ఒక్క సీజన్ కూడా నడపకుండానే, 2020లో బార్సిలోనా పిలుపు రాగా ఆయన వెళ్ళిపోయాడు. అప్పుడు వచ్చినవాడు మనోలో మార్కెజ్. 2017లో లాస్ పాల్మాస్‌కు శిక్షకుడై కొద్ది ఆటలకే బయటికి వచ్చిన చరిత్ర ఆయనది. కాగితంమీద చూస్తే ఏ అభిమానీ ఎగిరి గంతేసే నియామకం కాదు.

మార్కెజ్ కాలంలో ఆటకు సగటు 2020-21లో 1.45, 2021-22లో 1.9, 2022-23లో 2.1. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1, పెనాల్టీల్లో 3-1. మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చిన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని, 2019-20లో అట్టడుగున నిలిచిన జట్టులోనూ ఉన్నవాడే. ఆశిష్ రాయ్, నిఖిల్ పూజారి, మహమ్మద్ యాసిర్ కూడా అంతే. పాత ఆటగాళ్ళలో ఉన్న సత్తాను కొత్త శిక్షకుడు వెలికితీశాడనడానికి ఇది సాక్ష్యం. కాని ఆ సీజన్లో 18 గోల్స్ చేసిన ఒగ్బెచె కొత్తగా వచ్చినవాడు. మార్పు సీజన్ మధ్యలో కాక విరామంలో జరగడం, కూర్పు మొత్తం తిరగరాసుకునే వీలు చిక్కడం కూడా లెక్కలోకి రావాలి. మూడింటిలో దేని వాటా ఎంతో విడదీయడం అసాధ్యం. అయినా మూడేళ్ళపాటు నిలిచిన ఎదుగుదలను యాదృచ్ఛికమనడం మొండితనమే అవుతుంది.

ఇదే మార్కెజ్ 2024 జులైలో ఇగోర్ స్టిమాచ్ స్థానంలో భారత జట్టు శిక్షకుడయ్యాడు. ఎనిమిది ఆటల్లో ఒక్కటే గెలుపు. ఏడాది తిరిగేసరికి నిష్క్రమణ. క్లబ్‌లో రోజూ ఆటగాళ్ళతో గడిపే మనిషి పనితనం, జాతీయ జట్టులో కొద్దిరోజుల శిబిరాలకు ఒదగలేదు. మంచి శిక్షకుడు, చెడ్డ శిక్షకుడు అన్న విభజన కంటే ఈ శిక్షకుడు ఈ పనికి సరిపోతాడా అన్న ప్రశ్న అభిమానుల చర్చలో అరుదుగా వినిపిస్తుంది. వినిపించవలసినది అదే.

శిక్షకుడితో నిమిత్తం లేని పతనం:

2023లో మార్కెజ్ గోవాకు వెళ్ళాడు. హైదరాబాద్ తర్వాతి సీజన్ ఫలితం: 22 ఆటలు, ఒక గెలుపు, 8 పాయింట్లు. సగటు 0.36, అంటే బ్రౌన్ కాలంకంటే తక్కువ. తంగ్‌బోయ్ సింగ్టో చేతిలో ఉన్న ఆ జట్టుపై పాత కొలబద్ద ప్రయోగిస్తే ఆయన బ్రౌన్‌కంటే అసమర్థుడని తేలాలి. కాని జీతాల బకాయిలతో పేరున్న ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. కొత్తవారిని తీసుకోకుండా నిషేధం పడింది. చాలా ఆటల్లో బరిలోకి దిగింది కుర్రవాళ్ళే. ఆ స్థితిలో రహీం వచ్చి నిలబడినా సగటు ఎంత పెరిగేదో సందేహమే.

అభిమానుల దృష్టి అప్పుడు శిక్షకుడి కుర్చీ దాటి ఖజానా వైపు మళ్ళింది. అక్కడ వారి మాట చెల్లుబాటయ్యే మార్గమేదీ లేదు. శిక్షకుణ్ణి తొలగించమని గ్యాలరీలో కేకలు వేయవచ్చు, యజమాని ఆ కేకలకు లొంగవచ్చు. యజమానినే తొలగించమనడానికి ఏ వేదికా లేదు. అమెరికాలో దాతకు ఉన్నది, గచ్చిబౌలిలో టిక్కెట్టు కొన్నవాడికి లేనిది ఇదే. 2024 డిసెంబరులో సింగ్టో తప్పుకున్నాడు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్న కొత్త పేరు పెట్టుకుంది. ఆ జట్టుకు శిక్షకుడు ఎవరు ఉండాలన్నది ఇప్పుడు మరో ఊరివారు వాదించుకోవలసిన విషయం.