నాలుగింటి దీపం

కొడవలూరు: తెల్లవారుజామున నాలుగు గంటలకు మన పల్లెల్లో మేలుకునేది ఎవరు? పాలు పితికేవారు, నీళ్ల వంతుకు కాలువ మీదికి పోయే రైతులు, పరీక్షలు దగ్గర పడిన పిల్లలు, ఆ పిల్లలను తట్టి లేపే తల్లులు. తొంభై ఏళ్ల కిందట అలాంటి ఒక తల్లి వెలిగించిన నూనె దీపం గురించే ఈ నాలుగు మాటలు.

ఆమె పేరు లక్ష్మీకాంతమ్మ. భర్త పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. పది మంది పిల్లలు. ఎనిమిదవ వాడు 1920 సెప్టెంబరు 10న, ఆనాటి బళ్లారి జిల్లా హడగళిలో పుట్టాడు. కృష్ణుడు కూడా ఎనిమిదవ సంతానమే కదా అని రాధాకృష్ణ అని పేరు పెట్టుకున్నారు. ప్రపంచమంతా సి.ఆర్.రావు అని పిలుచుకున్న సంఖ్యాశాస్త్ర ఆచార్యుడు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఆ పిల్లవాడే. తండ్రికి బదిలీ అయిన చోటల్లా చదువు. చిన్న తరగతుల్లో కొంతకాలం మన గూడూరు బడిలోనూ చదివారు. ఆ తర్వాత నూజివీడు, నందిగామ, విశాఖపట్నం. ఇంటి నిండా పిల్లలున్నా ఆ తల్లి రోజూ నాలుగింటికి ఈ కొడుకును లేపి, దీపం ముట్టించి, పుస్తకం ముందు కూర్చోబెట్టేది.

ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో లెక్కల ఎం.ఏ. ప్యాసైన తర్వాత యుద్ధకాలపు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో ఒక కుర్రవాడు పరిచయమై, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఒకటుందని చెప్పాడు. 1941 జనవరిలో అందులో చేరారు. దొరకని ఉద్యోగమే ఆయన దారి మార్చింది.

ఆయన శాస్త్రం మన రైతులకు తెలియనిదేమీ కాదు. వడ్ల వ్యాపారి పుట్లకొద్దీ ధాన్యాన్ని ఒక్కొక్క గింజా చూడడు. గోతాంలోంచి గుప్పెడు తీసి, తాలెంత, తేమెంత చూసి ధర చెబుతాడు. మరి ఆ గుప్పెడు చెప్పేది ఎంతవరకు నమ్మవచ్చు? ఎంత తెలివిగా లెక్క వేసినా ఇంతకంటే తగ్గించలేని పొరపాటు ఎంత? కలకత్తా విశ్వవిద్యాలయంలో రావు గారు పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి లేచి ఇలాంటి ప్రశ్నే వేశాడు. ఆయనే తర్వాతి కాలంలో పేరుపొందిన ఆర్థికవేత్త వి.ఎం.దండేకర్. మాస్టారు అప్పటికి జవాబు చెప్పలేకపోయారు. ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చుని, మరునాడు తరగతిలో రుజువు చూపారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే నేడు క్రామర్-రావు సూత్రం. అప్పటికి ఆయనకు పాతికేళ్లు.

ఆయన తన పుస్తకంలో చెప్పిన ఉప్పు కథ ఒకటుంది. ఇసకపల్లి ఉప్పు కొటార్లు ఎరిగిన మనకు బాగా నచ్చుతుంది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో వేలాది మంది తలదాచుకున్నారు. లోపలికి వెళ్లి లెక్కపెట్టే వీలు లేదు. తిండి సరఫరా చేసే కంట్రాక్టర్లు చెప్పిందే లెక్క. సంఖ్యాశాస్త్రం తెలిసినవారు బియ్యం, పప్పు బిల్లులు పక్కన పెట్టి ఉప్పు బిల్లు పట్టుకున్నారు. మనిషి రోజుకు తినే ఉప్పు ఎంతో తెలుసు. పైగా ఉప్పు చవక, దొంగలెక్క రాసినా మిగిలేది లేదు. ఆ లెక్కతో కోటలో ఎందరున్నారో అంచనా కట్టి, బిల్లులు ఎంత ఎక్కువ వేశారో తేల్చారు.

1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు ముగిసింది. ఆ ఏడే భార్గవి గారితో వివాహమైంది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. కలకత్తా, ఢిల్లీలలో దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేశాక, 1979లో అమెరికా వెళ్లారు. అరవై దగ్గర పడితే మన ఊళ్లలో అరుగు మీద తుండుగుడ్డ పరచుకుంటారు. ఆయన పిట్స్‌బర్గ్‌లో కొత్తగా పాఠాలు మొదలుపెట్టారు. 1988 నుంచి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు.

లెక్కలే లోకమనుకుంటే పొరపాటు. ఫోటోలు తీయడం ఆయనకు సరదా. మొక్కలు పెంచడం, గరిటె పట్టడం కూడా ఇష్టమే. అన్నిటికన్నా మన శాస్త్రీయ నృత్యమంటే ప్రాణం. కుమార్తె నాట్యం నేర్చారు, చదువు చెప్పే వృత్తిలోనూ స్థిరపడ్డారు. చివరి కాలంలో ఆయన ఉన్నది ఆమె ఉండే బఫెలో నగరంలోనే. చలికాలమంతా మంచు కురిసే ఊరది. భార్గవి గారు ముందే వెళ్లిపోయారు.

2001లో మన ప్రభుత్వం పద్మ విభూషణ్ ఇచ్చింది. 2002లో అమెరికా అధ్యక్షుడు బుష్ చేతుల మీదుగా ఆ దేశపు జాతీయ విజ్ఞాన పతకం అందుకున్నారు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి ప్రకటించేనాటికి ఆయన వయసు 102. ఆ ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు. మరో మూడు వారాలు ఉంటే 103 నిండేవి. హైదరాబాదులో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ, ఒక రోడ్డు ఉన్నాయి.

ఇదంతా ఈ మధ్య కొడవలూరులో ఒక తల్లికి చెప్పాను. ఆమె కొడుకూ అమెరికాలోనే ఉన్నాడు. అంతా విని, “కష్టపడి సదివిస్తే ఎగిరిపోతారు గదబ్బయా, మనకేం మిగిలినట్టు?” అన్నది.

ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పండుగకు తాళం వేసి ఉన్న ఇళ్లు మన వీధుల్లోనూ ఉన్నాయి. కానీ ఒక్క మాట చెప్పాను. రావు గారు 1989లో ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పుస్తకం అచ్చు వేయించారు. పైన చెప్పిన ఉప్పు కథ అందులోదే. అప్పటికి ఆయన దేశదేశాల గౌరవాలు పొందిన మనిషి, సముద్రాలు దాటి పదేళ్లు. అయినా తనకు జ్ఞానం మీద ఆశ పుట్టించింది తన తల్లేనని, రోజూ నాలుగింటికి లేపి దీపం పెట్టిందని అందులో పేరుతో సహా రాసుకున్నారు. లక్ష్మీకాంతమ్మ గారి సంగతి మనకు తెలిసింది ఆ కొడుకు మరిచిపోకపోబట్టే.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మావాడు పొద్దున నాలుగింటికి ఫోను చేస్తాడబ్బయా. వాళ్లకప్పుడు సాయంత్రమంట. నేను లేచే ఉంటానని వాడికి తెలుసు” అన్నది.