గుడిసా, కచ్చా ఇల్లా? తుఫాను సాయం లెక్కలో దళితవాడ

తుఫాను వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక మాట కనిపిస్తుంది: గాలికి కులం లేదు, ఉప్పెన అందర్నీ సమానంగా ముంచింది అని. గాలి సంగతి ఏమోగానీ, గాలి తగ్గిన నాలుగో రోజున నష్టం రాసుకోటానికి వచ్చే మనిషి సంగతి ఇక్కడ మాట్లాడదాం. ఆయన ఏ ఇంటి ముందు ఆగుతాడు, ఏ గడిలో ఏ మాట రాస్తాడు అన్నదాన్నిబట్టే ఎవరు మళ్ళీ ఇల్లు కట్టుకుంటారో, ఎవరు ప్లాస్టిక్ పట్టా కింద కాలం గడుపుతారో తేలుతుంది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. 1990 మే తుఫానులోనూ, 1996 నవంబరు 6న కోనసీమలోనూ వందలాది మంది పోయారు. ఆ తరవాత ముందస్తు హెచ్చరికలు మెరుగయ్యాయి, తుఫాను షెల్టర్లు లేచాయి, జనాన్ని ముందే తరలించటం నేర్చుకున్నారు. 2014లో హుద్‌హుద్ నాటికీ, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటిన నాటికీ ప్రాణనష్టం బాగా తగ్గింది. ఇది చిన్న విషయం కాదు. అయితే షెల్టర్లోంచి బతికి తిరిగొచ్చినవాడికి ఇల్లు లేకపోతే ఏమిటన్న ప్రశ్న మాత్రం ఇంకా అక్కడే ఉంది.

ఇంటికి బీమా అనే మాట మన పల్లెల్లో వినపడదు. పేదల గుడిసెలకి బీమా అని కేంద్ర ప్రభుత్వం 1988లో ఒక పథకం పెట్టింది. గుడిసెకి 1000 రూపాయలు, సామానుకి 500. అదీ అగ్నిప్రమాదం జరిగితేనే. నీళ్ళు తీసుకుపోతే అందులో ఏమీ లేదు. 2021 నుంచి ‘భారత్ గృహ రక్ష’ పేరుతో వరదకీ తుఫానుకీ వర్తించే పాలసీని బీమా కంపెనీలు అమ్ముతున్నాయి. కూలికి పోయి బతికే కుటుంబం ఏటా ప్రీమియం కట్టి ఆ పాలసీ తీసుకుంటుందని ఎవరూ అనుకోరు. కాబట్టి మనకి ఉన్న ఒకే ఒక్క ‘బీమా’ సర్కారు సాయం. ఇది నష్టపరిహారం కాదు, తక్షణ ఉపశమనం మాత్రమేనని కేంద్ర హోంశాఖ పదే పదే చెబుతూనే ఉంటుంది. పోయినదానికి వెల కట్టం, నిలదొక్కుకోటానికి కాస్త ఇస్తాం అని దానర్థం.

ఆ కాస్తని ఎట్లా లెక్కగడతారో చూడండి. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఖర్చు పెట్టటానికి కేంద్రం కొన్ని రేట్లు నిర్ణయిస్తుంది. 2022-26 కాలానికి ఇచ్చిన రేట్ల ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లయినా, కచ్చా ఇల్లయినా అంతే. గుడిసె అయితే 8,000. అంతకుముందు 2015-20 రేట్లలో ఇంటికి 95,100, గుడిసెకి 4,100. రాష్ట్రాలు తమ ఖజానాలోంచి ఎక్కువ ఇచ్చుకోవచ్చుగానీ, పునాది లెక్క ఇదే.

పక్కాకీ కచ్చాకీ తేడా లేదు. కచ్చాకీ గుడిసెకీ మాత్రం పదిహేను రెట్ల తేడా. మరి ఏది కచ్చా, ఏది గుడిసె? గుడిసె అంటే తాటాకు, మట్టి, ప్లాస్టిక్ పట్టాలాంటి వాటితో వేసుకున్న తాత్కాలికమైన నెలవు, కచ్చా ఇంటికంటె తక్కువ స్థాయిది, రాష్ట్ర, జిల్లా అధికారులు గుడిసెగా గుర్తించేది అని ఆ నిబంధనల కిందే వివరణ ఉంది. ఈ చివరి ముక్క గమనించండి. అధికారి గుడిసె అంటే అది గుడిసె. మట్టిగోడలు, తాటాకు కప్పు, గట్టి నిట్రాడి, మూడు తరాలుగా అదే చోట కాపురం. దాన్ని ‘తాత్కాలికం’ అనటానికి గోడ మందం చూశారా, లేక ఆ ఇల్లు ఏ వాడలో ఉందో చూశారా?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మిచౌంగ్ తరవాత మా చుట్టుపక్కల పల్లెల్లో అర్జీలు రాసిపెట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చదువుకున్న కుర్రాడని నా చుట్టూ చేరారు. వరసకి చిన్నమ్మయ్యే ఒకామె ఇల్లు గోడలతో సహా కూలింది. అర్జీలో నేను ‘నా గుడిసె పూర్తిగా పడిపోయినది’ అని రాశాను. అలవాటు మాట. మన ఇంటిని మనం గుడిసె అనే చెప్పుకుంటాం, దీనంగా రాస్తే దయ కలుగుతుందని కూడా అనుకుంటాం. ఆ రేట్ల కాగితం నేను చదివింది తరవాత రెండు నెలలకి. ‘‘ఏం నాయనా, నా లెక్క ఎనిమిది వేల దగ్గరే ఆగిందేంటి?’’ అని ఆమె అడిగితే, ఆ మాట రాసింది నేనేనని చెప్పటానికి చాలా సేపు పట్టింది. ఒక్క మాటకి 1,12,000 రూపాయలు. యూనివర్సిటీలో నేర్చుకున్న సిద్ధాంతాలేవీ ఆ రోజు ఆమెకి పనికిరాలేదు.

మాట సరిగ్గా రాసినా రెండో గండం ఉంది. ఆ రేట్ల కిందే ఇంకో షరతు: దెబ్బతిన్న ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని రాష్ట్ర ప్రభుత్వ అధికారి ధ్రువీకరించాలి. మనవాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయి? కాలవ గట్టు మీద, డ్రెయిను పోరంబోకులో, పుంత పక్కన. మంచి మెరక ఊరిదైంది, పల్లం పల్లెకి మిగిలింది. నీళ్ళు ముందు వచ్చేదీ ఆఖరున పోయేదీ అక్కడే. ఆ పల్లంలో ఉండటాన్నే ‘ఆక్రమణ’ అని రాస్తారు. గ్రామకంఠంలో ఉన్న ఇళ్ళకైతే మొదట్నుంచీ విడివిడిగా పట్టాలే లేవు. గ్రామాల్లో ఇళ్ళ స్థలాలు కొలిచి ఆస్తి కార్డులు ఇస్తామని స్వామిత్వ పథకం మొదలైందే 2020లో. పట్టా ఉన్నా అది తాత పేరు మీద ఉంటుంది. తాత పోయాడు, కొడుకులు ముగ్గురు అదే స్థలంలో మూడు పొయ్యిలు పెట్టుకున్నారు. అధికారి పుస్తకంలో అది ఒక ఇల్లు, ఒక సాయం.

నష్టం రాసే పద్ధతిలో ఉన్న చిక్కులు అనుభవమున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిరప కోతలకి వలస వెళ్ళిన కుటుంబం పేరు రాయరు. పిల్లలు తడుస్తున్నారని విరిగిన వాసాలే మళ్ళీ నిలబెట్టుకుంటే ఇల్లు బాగానే ఉందని రాస్తారు.

విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 61వ సెక్షన్ అని ఒకటుంది. సాయం, పరిహారం ఇచ్చేటప్పుడు లింగం, కులం, సముదాయం, వంశం, మతం పేరుతో వివక్ష చూపకూడదంటుంది. 2004 సునామీ తరవాత తమిళనాడు నాగపట్నం ప్రాంతంలో శిబిరాల్లో, నీళ్ళ దగ్గర దళితుల్ని వేరు చేసిన ఘటనల్ని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. అట్లాంటి బాహాటమైన వివక్ష మీద ఈ సెక్షన్ పనికొస్తుంది. కానీ పైన చెప్పుకున్న లెక్కలో కులం పేరు ఎక్కడుంది? గుడిసె అంటుంది, అనుమతి అంటుంది, పట్టా అంటుంది. కులం పేరెత్తకుండానే కులం చేసే పని అది చేసిపెడుతుంది.

బీమా వ్యవస్థ బలంగా ఉంటే ఈ తిప్పలు ఉండవు కదా అని కొందరు మిత్రులు అంటారు. అందుకని ఆ వ్యవస్థ ఉన్న దేశాన్నే చూద్దాం. అమెరికాలో వరద బీమాని ప్రభుత్వమే 1968లో మొదలుపెట్టింది. ముంపు ప్రాంతంలో బ్యాంకు అప్పుతో కొన్న ఇంటికి 1973 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. తాతల నుంచి వచ్చిన ఇంటికి అప్పు ఉండదు, కాబట్టి నిర్బంధమూ లేదు. పేద నల్లజాతి కుటుంబాల్లో చాలామందివి అట్లాంటి ఇళ్ళే. 1994 చట్టం ఇంకో మెలిక పెట్టింది: ఒకసారి సాయం తీసుకుని, ఆ తరవాత బీమా కొనసాగించనివాళ్ళకి మళ్ళీ వరదొస్తే ఇంటి మరమ్మతుకి కేంద్ర సాయం ఉండదు.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫానుకి కరకట్టలు తెగి న్యూ ఆర్లియన్స్ నగరంలో ఎనభై శాతం మునిగింది. ఇళ్ళ యజమానుల కోసం లూసియానా రాష్ట్రం ‘రోడ్ హోమ్’ అనే పథకం పెట్టింది. గరిష్ఠంగా లక్షన్నర డాలర్లు. ముంపు ప్రాంతంలో ఉండి బీమా లేనివాళ్ళకి అందులో 30 శాతం కోత. దీనికంటె పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఇంటి మరమ్మతు ఖర్చు, తుఫానుకి ముందు ఆ ఇంటి మార్కెట్ ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాన్నే లెక్కకి తీసుకున్నారు. ఒకే కొలతల ఇళ్ళు రెండు, మరమ్మతుకి ఒకే ఖర్చు అనుకోండి. నల్లవాళ్ళ పేటలో ఇంటి ధర ఎప్పుడూ తక్కువే పలుకుతుంది కాబట్టి సాయమూ తక్కువే వస్తుంది. ఇల్లు చనిపోయిన తాత పేరు మీద ఉంటే, వారసులందరి కాగితాలూ కుదిరేదాకా అదీ లేదు. బాధితులూ హక్కుల సంఘాలూ 2008లో కోర్టుకెళ్ళారు. 2011లో రాజీ కుదిరి మరికొంత డబ్బు విడుదలైంది. అప్పటికి తుఫాను వచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళు ఏ కుటుంబం ఎదురుచూస్తుంది? చాలామంది ఊరే వదిలిపోయారు.

మన దగ్గర చెయ్యగలిగింది కొంత ఉంది. ఇల్లు అనుమతి ఉన్నదేనని ధ్రువీకరించే పని కేంద్రం రాష్ట్రానికే వదిలింది. పట్టా లేకపోయినా ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు, వీటిలో ఏదో ఒకటి చాలునని రాష్ట్రం ఒక్క జీవో ఇస్తే సరిపోతుంది. దానికి ఢిల్లీ వెళ్ళక్కర్లేదు. మట్టిగోడ ఉండి కాపురమున్న ప్రతి ఇంటినీ కచ్చా ఇల్లుగానే రాయాలని అదే జీవోలో చేర్చమని అడగాలి. పొయ్యి లెక్కన కుటుంబాన్ని గుర్తించమనాలి. జాబితాని ఆఫీసు గోడకి అంటించి ఊరుకోకుండా, పల్లెలోనే గ్రామసభ పెట్టి పేరు పేరునా చదవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి తుఫానుల కాలం. పల్లెల్లో చదువుకున్న పిల్లలు సెప్టెంబరులోనే ఇంటింటికీ తిరిగి, గోడలు కనపడేటట్టు ఫోటోలు తీసి, రసీదుల నకళ్ళు ఊరి బయట పదిలమైన చోట పెట్టాలి. అర్జీ నమూనా కూడా ముందే రాసి ఉంచాలి. మిచౌంగ్ తరవాత నేను రాసిన నమూనా ఇప్పటికీ కొన్ని పల్లెల్లో తిరుగుతోంది. అది ఎవరి దగ్గరైనా కనపడితే, మూడో వాక్యంలో ‘గుడిసె’ కొట్టేసి ‘కచ్చా ఇల్లు’ అని రాయమని చెప్పండి.