మంచు చరియలు: తెలిసి నడిస్తే తప్పే ముప్పు

డిసెంబరు 21న కశ్మీరులో ‘చిల్లయ్ కలాన్’ ప్రారంభమవుతుంది. 40 దినాల ఈ తీవ్ర శీతకాలంలో గుల్‌మర్గ్, సోన్‌మర్గ్ కొండలను చూడటానికి మన తెలుగు కుటుంబాలు కూడా తరలి వెళుతున్నాయి. మంచు చరియల వల్ల పూర్వం చలికాలమంతా మూతపడే సోన్‌మర్గ్ దారి, 2025 జనవరిలో సొరంగ మార్గం ప్రారంభమైన తరువాత తెరుచుకుంది. దారి సుగమమైంది గాని కొండ స్వభావం మారలేదు. పాఠకులను భయపెట్టడం మా ఉద్దేశం కాదు. తెలిసి వెళ్లాలన్నదే మా కోరిక.

ఈ ముప్పు మనకు దూరమైనదేమీ కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు విరిగిపడి పదిమంది సైనికులు సమాధి అయ్యారు. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మర్గ్ సమీపంలోని ఖిలన్‌మర్గ్ వద్ద శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు మరణించారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ శిఖర ప్రాంతంలో ఇద్దరు పోలండ్ దేశస్థులు స్కీయింగ్ చేస్తూ ప్రాణాలు కోల్పోయారు.

మంచు ఎందుకు జారుతుంది?

కొండపై మంచు ఒకే ముద్దగా ఉండదు. ఒక్కొక్క తుఫానుకు ఒక్కొక్క పొర చొప్పున పేరుకుంటుంది. ఆరంభంలో కురిసిన పలుచని మంచు, నిర్మలమైన చలి రాత్రులలో చక్కెర పలుకుల వలె పట్టు లేని రేణువులుగా మారుతుంది. దానిపై కొత్త మంచు గాని, గాలి మోసుకొచ్చిన మంచు గాని గట్టి పలకలా పరుచుకుంటే, బలహీనమైన పునాదిపై బరువైన కప్పు వేసినట్లే. అప్పుడు ఒక్క మనిషి బరువు చాలు, పలక పగిలి వాలు మొత్తం కదులుతుంది. ప్రమాదాలలో అధిక భాగం బాధితులు లేదా వారి సహచరులు కదిలించినవే. 30 నుండి 45 డిగ్రీల వాలు అత్యంత ప్రమాదకరం.

కొండ చెప్పే సంకేతాలు

సమీపంలో ఇటీవల విరిగిన చరియలు, అడుగు వేయగానే మంచులో దూసుకుపోయే పగుళ్లు, కాళ్ల కింద ‘ధుమ్’మనే శబ్దం, గత ఒకటి రెండు దినాలలో భారీ మంచు, బలమైన గాలి, ఆకస్మికంగా పెరిగిన వేడి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నిటారు వాలులను విడిచిపెట్టాలి.

కుటుంబంతో వెళ్లేవారు గుర్తింపు పొందిన, నిఘా ఉన్న ప్రాంతాలను దాటరాదు. నిటారు వాలుల కింద పిల్లలను ఆడనివ్వరాదు, వాహనాన్ని ఆపరాదు. అధికారుల హెచ్చరిక ఉన్న దినం ప్రయాణాన్ని వాయిదా వేసుకోవాలి. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగి వస్తారన్నదీ బసలో చెప్పి బయలుదేరాలి.

గుర్తించిన హద్దులు దాటి కొండలలోకి వెళ్లదలచిన యువకులకు అనుభవజ్ఞుడైన స్థానిక మార్గదర్శి తప్పనిసరి. ప్రతి ఒక్కరి వద్ద మూడు సాధనాలుండాలి: దుస్తులలో ధరించే సంకేత ప్రసారిణి, మంచులో గుచ్చి వెదికే పొడవాటి కడ్డీ, పార. వాడటం ముందుగా నేర్చుకోకపోతే అవి వ్యర్థమే. అనుమానమున్న వాలును ఒక్కొక్కరుగా దాటాలి. మిగిలినవారు సురక్షిత స్థలం నుండి కనిపెట్టుకొని ఉండాలి. ఇరుకు లోయలలో మంచు లోతుగా పూడుకుంటుంది గనుక వాటిలో ఆగరాదు.

మొదటి నిమిషాల విలువ

చిక్కుకున్నవారు కేకవేసి, ప్రక్కకు తప్పుకొనే ప్రయత్నం చేయాలి. మంచు ఆగబోయే ముందు ముఖానికి చేతులు అడ్డుపెట్టుకొని ఊపిరికి చోటు చేసుకోవాలి. మొదటి 10, 15 నిమిషాలలో వెలికి తీసినవారిలో అత్యధికులు బ్రతుకుతారు. అరగంట దాటితే ఆ ఆశ బాగా సన్నగిల్లుతుంది. బయటి సహాయం అంత వేగంగా చేరడం అరుదు. అందువల్ల సహచరులే రక్షకులు. రెండవ చరియ ముప్పు లేదని చూసుకొని, చివరిసారి కనిపించిన చోటును గుర్తుపెట్టుకొని, తక్షణమే వెదకడం వారి బాధ్యత.

ఖర్చుపెట్టి అంతదూరం వెళ్లాక వెనుదిరగడం కష్టంగానే ఉంటుంది. అయినప్పటికీ, సందేహం కలిగిన చోట వెనుదిరగడం పిరికితనం కాదు. ఇంట్లో మన కోసం ఎదురుచూస్తున్నవారి పట్ల అది మన కర్తవ్యం.